ఫెడరల్ కోర్టుకెక్కిన ఇల్లు

మా బావ లూసియస్‌కి చూపు పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ ఇంట్లో కర్ర ముట్టి ఎరగడు. తన కాఫీ తనే కలుపుకునేవాడు, వెనక మెట్లు దిగి టమాటా మొక్కలకు నీళ్లు పోసేవాడు. అది అద్దె ఇల్లు. అమ్ముకుంటాను, ఖాళీ చెయ్యమని ఓనరు కేసు వేశాడు. మా అక్క ఆర్లీతాకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. ఇల్లు మారితే బావ మంచానికే పరిమితమైపోతాడని ఆమె బెంగ.

అప్పుడు తగిలాడు ఓడెల్. మంగలి షాపులో కత్తెర ఆడిస్తూ ఊరందరికీ లా చెప్పే మనిషి.

"విచారణ రోజు పొద్దున్నే కేసును ఫెడరల్ కోర్టుకు, అదే కేంద్రం వాళ్ల కోర్టుకు ఎక్కించెయ్, ఆర్లీతక్కా. ఇక ఇక్కడి కౌంటీ జడ్జి దాని మీద చెయ్యి వేయడానికి లేదు. నీకు రెండు నెలలు కలిసొస్తాయి" అన్నాడు.

"అక్కడివాళ్లు ఇళ్ల తగాదాలు చూడరయ్యా, తిప్పి పంపుతారు" అన్నాను నేను.

"పంపనీ, వాళ్లకేం తొందర" అన్నాడు ఆ మహానుభావుడు. మా అక్క అతని మాటే విన్నది.

విచారణ ఉన్న ఆ గురువారం ఫెడరల్ కోర్టు తలుపులు తీయగానే కేసు మార్పించే కాగితం దాఖలు చేసి, దాని నకలు తెచ్చి కౌంటీ కోర్టు గుమాస్తాకు ఇచ్చింది. ఇంటికి పోదామంటే, "ఏమంటారో విని పోదాం ఉండరా" అని నన్నూ కూర్చోబెట్టింది.

జడ్జి ఒక్కో పేరూ పిలుస్తోంది. మా ముందు కేసులో ఓనరు రాలేదు. "కొట్టేశాను, ఇంటికెళ్లు బాబూ" అంది. తర్వాత మాది. అక్క లేచి నిలబడింది. మా ఓనరు పేరు మళ్లీ మళ్లీ పిలిచారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫ్లోరిడాలో చేపలు పడుతూ తారీఖు మర్చిపోయాడని తర్వాత తెలిసింది.

జడ్జి కలం ఎత్తింది. గుమాస్తా వంగి ఆ నకలు ఆమె ముందు పెట్టాడు. ఆమె చదివి, కళ్లజోడు తీసి మా అక్కవైపు చూసింది.

"ఎందుకు వేశావమ్మా ఇది?"

"టైం కోసమండీ."

"మీ ఓనరు రాలేదు. ఇది లేకపోతే ఇప్పుడే కొట్టేసేదాన్ని. ఇప్పుడు కేసు నా చేతిలో లేదు, ఫెడరల్ కోర్టులో ఉంది."

"అయితే వెనక్కి తీసుకుంటానండీ. ఇక్కడే చింపేస్తాను."

"నువ్వు చింపితే రాదమ్మా. వాళ్లు పంపాలి."

అక్క అలాగే నిలబడిపోయింది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఓడెల్‌ను నాలుగు తన్నాలనిపించింది. అక్కనూ తిడదామనుకున్నాను గానీ ఆ ముఖం చూశాక మానేశాను.

ఫెడరల్ కోర్టు రెండు నెలలు కాదు కదా, రెండు వారాలైనా ఉంచుకోలేదు. ఇది రాష్ట్ర చట్టం కింద వేసిన ఇంటి కేసు, వినే అధికారం మాకు లేదని తిప్పి పంపేసింది. ఈసారి ఓనరు లాయరును వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అదే జడ్జి. నోటీసు చూసింది, గడువు చూసింది, ఖాళీ చెయ్యమని చెప్పింది.

మొదటిసారి కొట్టేసినా ఓనరు మళ్లీ వేసేవాడేమో. వెయ్యనీ. ఇల్లు కొంటానన్నవాడు అన్నాళ్లు ఆగేవాడు కాదు. ఇప్పుడు ఎంత అనుకుని ఏం లాభం.

దొరికిన ఇల్లు మూడో అంతస్తులో. సామాన్లు దించాక బావ గది మధ్యలో చేతులు ముందుకు చాచి నిలబడిపోయాడు.

"ఆర్లీతా, బాత్రూం ఎటే?" అనడిగాడు. అతను దారి అడగడం నేనెన్నడూ వినలేదు.

అక్క వెళ్లి చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నేను ఊరికే కూర్చున్నా మన ఇల్లు మనకుండేదయ్యా" అంది.

"సర్లే" అన్నాడు బావ. "ముందు దారి చూపించు."