కణుపు లేని ఆకులు

ఆదివారం మేడ మీద బట్టలు ఆరేసి దిగి వచ్చేసరికి మా ఆయన నేను ముచ్చటపడి పెంచుకునే ఐవీ అనే తీగ మొక్క కుండీ ముందు పీట వేసుకుని కూర్చున్నారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నా వస్తువు ఒకదాని ముందు ఆయన అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. ఒళ్ళో పాత పేపరు, పేపరు నిండా ఆకులు. అన్నీ తెల్ల అంచువే. కుండీలో పచ్చ కొమ్మలు మాత్రం మిగిలాయి.

"తెగులు పట్టింది. నీకెక్కడ తీరుతుందిలే అని నేనే ఏరేశాను," అన్నారు, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ. ఆకులు తుంచాక మిగిలిన బోడి కాడల్ని మొదలంటా పీకి చెత్తబండిలో వేశారట. బండి అప్పుడే వీధి మలుపు తిరిగిపోయింది.

ఆ తీగ అందమంతా ఆ తెలుపే. దానికి వెలుతురు కావాలి, ఎర్రటి ఎండ పనికిరాదు. నీడ ఎక్కువైతే ఉత్త పచ్చ కొమ్మలు పుట్టుకొచ్చి, బలంగా పెరిగి, తెల్లవాటిని మింగేస్తాయి. టీవీ మీద వెలుగు పడుతోందని ఆయన నెల రోజులుగా కిటికీ తెర వేసేస్తుంటే అలాగే పుట్టాయవి. బట్టల పని అయ్యాక వాటినే కత్తిరిద్దామనుకున్నాను. మట్టి పైన ఆరితేనే నీళ్ళు పోయాలి, ఎర్రనల్లి పురుగు పట్టకుండా వారానికోసారి ఆకుల వెనక కడగాలి. నేను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు తుడిచే గుడ్డ పాతబడితే తెచ్చుకుని ఒక్కో ఆకూ తుడుస్తాను. ఇదంతా ఆరేళ్ళుగా ఆయన కళ్ళ ముందే చేస్తున్నాను. ఒక్కసారి కూడా చూడలేదని ఆ రోజు తెలిసింది.

తిడదామనుకున్నాను. మంచి చేశాననుకుంటున్న మనిషిని ఏమని తిట్టను? టీ పెట్టి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా ఆయన రెండో మాట చెప్పారు. మొన్న మా దుకాణం మేడమ్ ఫోన్ చేసిందట. కొత్తగా తెరిచే రెండో దుకాణాన్ని నన్ను చూసుకోమందట. ఇంటిపనితోనే సతమతమవుతోంది, కుదరదని ఈయన చెప్పేశారట.

"నన్ను అడగలేదేం?"

"అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

ఆ దుకాణం కోసం నేను ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు తమ మొహం చూసుకునే అద్దం కిటికీ పక్కన ఉండాలని, అక్కడైతే వెలుగు నిజం చెబుతుందని, మనసులో ఎప్పుడో సర్దేసుకున్నాను కూడా. సోమవారం పరుగున వెళ్తే, దాన్ని నా దగ్గర పని నేర్చుకున్న పిల్లకి ఇచ్చేశామన్నారు మేడమ్. నాకు కాకుండా ఆయనకెందుకు ఫోన్ చేశారని అడిగాను. ఆవిడ పనివాళ్ళ వివరాలుండే పుస్తకం తెరిచి చూపించారు. నా నంబరు రాయాల్సిన చోట, నా చేతిరాతతో, మా ఆయన నంబరు. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. గ్యాసుకీ, పిల్లల బడికీ, ఆఖరికి నా పళ్ళ డాక్టరుకీ అదే నంబరు. అలవాటుగా రాసేశాను. ఆయన మీద కన్నా ఎక్కువ కోపం ఆ పొందికైన అక్షరాల మీద వచ్చింది.

పేపర్లో ఆకుల్ని పారేయబుద్ధి కాక ఆదివారమే గాజుగ్లాసులో నీళ్ళు పోసి వేశాను. పదిహేను రోజులకి సన్నగా వేళ్ళొచ్చాయి. ఆయన సంబరపడిపోయారు. ఊరికే మొహం వేలాడేసుకున్నావు, అన్నీ బతికే ఉన్నాయిగా అన్నారు. బతికే ఉన్నాయి. కానీ చిగురు పుట్టేది కొమ్మ కణుపు దగ్గర. ఉత్త ఆకుకి కణుపు ఉండదు. వేళ్ళొస్తాయి, నెలల తరబడి వాడదు, అంతే, ఇంకో ఆకు వెయ్యదు. తెలిసీ మూడు నెలలు నీళ్ళు మారుస్తూనే ఉన్నాను. ఇల్లుంది, ఉద్యోగముంది, నీకేం లోటు అని మా అత్తగారు ఫోన్లో అన్న రోజు ఆ గ్లాసు కడుగుతూ సింకు దగ్గర ఏడ్చాను.

నిన్న ఫ్రేములు ఇచ్చి రమ్మంటే మొదటిసారి ఆ రెండో దుకాణానికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆ పిల్ల కుర్చీలోంచి లేచి, నన్ను అందులో కూర్చోమంది. కూర్చోలేకపోయాను. అద్దం పెట్టాలనుకున్న కిటికీలో ఐవీ తీగ ఉంది. ప్రతి ఆకుకీ తెల్లటి అంచు.

"మీరిచ్చిన కొమ్మే అక్కా," అంది.

నాలుగేళ్ళ కిందట తీగ కత్తిరించినప్పుడు ఇచ్చి, మర్చిపోయాను. సంతోషమో అసూయో తెలియలేదు, కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"ఒక కొమ్మ ఇస్తావా? కణుపు చూసి నేనే కోసుకుంటాను."

దాన్ని ఇంటికి తీసుకెళ్ళలేదు. మా దుకాణంలో నేను కూర్చునే చోట, కిటికీ గట్టు మీద నీళ్ళలో పెట్టాను. తర్వాత మేడమ్‌ని అడిగి ఆ పుస్తకం తీయించాను. మా ఆయన నంబరు కొట్టేసి నాది రాశాను.

"ఇప్పుడెందుకమ్మా? మూడో దుకాణమేం లేదుగా," అన్నారు ఆవిడ జాలిగా.

"లేకపోతే పోనీండి మేడమ్. ఎప్పుడైనా కుదరదని చెప్పాల్సి వస్తే, ఆ మాట నేను చెప్తాను."