రెండో బ్రేకు

సుద్దగీత పడిందంటే ఆ బండికి మూడు రోజులే ఆయుష్షు.

నగరపాలక సంస్థ పెట్టిన నిబంధన అది. వీధిలో ఏ వాహనమూ ఒకేచోట మూడు రోజులకు మించి నిలిచి ఉండకూడదు. తనిఖీకి వచ్చే అమ్మాయి టైరు మీద ఒక గీత, సరిగ్గా దాని కింద రోడ్డు మీద ఇంకో గీత గీసి పోతుంది. గడువు తీరాక మళ్లీ వస్తుంది. రెండు గీతలూ కలిసే ఉన్నాయంటే, వెనకాలే కొక్కెం లారీ వచ్చి బండిని ఎత్తుకుపోతుంది. వీధివాళ్లు ఆ అమ్మాయికి సుద్దముక్క అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

మాస్టారి కారు మీద మొదటిసారి గీత పడ్డప్పుడు ఆయన భార్య తడిగుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచేశారు. వీధంతా పిన్నిగారు అని పిలిచే మనిషి ఆవిడ. రెండు కార్ల అవతల చీటీ అంటిస్తున్న సుద్దముక్క తల తిప్పి చూసి నవ్వింది.

"గీత చెరిపితే చాలదండీ. బండి కదలాలి."

"ఎంత కదలాలమ్మా?"

"దాని పొడవంత కదిలితే చాలు."

కదలాలి, సరే. కదిపేదెవరు? అక్కడే వచ్చింది చిక్కు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, డ్రైవింగ్ మాస్టారు. ఆ కారే ఆయన బడి. నెత్తిన బోర్డు, పక్కసీటు దగ్గర రెండో బ్రేకు. నేర్చుకునేవాడు తడబడితే మాస్టారు తన బ్రేకు తొక్కుతారు. నేర్పడం పూర్తయ్యాక చివరి పరీక్ష ఒకటి పెట్టేవారు. ఆగిన బండి చక్రం కాలిబాటకు అడుగు లోపల ఉండాలన్నది చట్టం. మాస్టారు కిందికి దిగి, బూటు మడమ కాలిబాట అంచుకు ఆనించేవారు. బూటు కొస టైరుకు తగిలితే ప్యాసు. తగలకపోతే మళ్లీ మొదలు. ఏడ్చినా అంతే, బతిమాలినా అంతే.

స్కూలు తెరిచిన కొత్తలో భార్యకి కూడా లైసెన్సు ఇప్పించారు, మాస్టారి పెళ్లానికి బండి రాదట అని నలుగురూ నవ్వకుండా. లైసెన్సు ఇప్పించారు గానీ ఆ తర్వాత స్టీరింగు మాత్రం ఇవ్వలేదు. గడువు తీరినప్పుడల్లా పొడిగించుకుంటూ వచ్చిన ఆ కార్డు బ్యాంకులో చూపించడానికి తప్ప ఎందుకూ అక్కరకు రాలేదు.

ఇప్పుడేమో మాస్టారి కళ్లకు ఆపరేషన్ అయింది. "ఇంకో రెండు నెలలు. మళ్లీ స్టీరింగు పడతాను" అని పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నారు. నడిమి చూపు పోయిందనీ, ఇక తిరిగి రాదనీ ఆస్పత్రి వరండాలో డాక్టరు పిన్నిగారికి చెప్పేశాడు. "ఆయనకి మీరే నెమ్మదిగా చెప్పండి" అన్నాడు. ఆవిడ నెమ్మదిగానే ఉన్నారు. ఇంకా చెప్పలేదు.

కారు గుమ్మం ముందు ఉన్నంతకాలం ఆయన కోలుకుంటున్న మనిషి. అదే లేకపోతే ఆయన పొద్దున లేచి దేనికోసం గడ్డం గీసుకుంటారు? ఆ పైన ఆలోచించలేక పిన్నిగారు తాళం తీసుకుని మెట్లు దిగారు.

"క్లచ్ తొక్కు!" మేడ మీంచి మాస్టారి గొంతు. "అది క్లచ్ కాదు!"

"నా కాళ్లు మీకు అక్కణ్ణుంచి కనిపిస్తున్నాయా?"

"కనిపించక్కర్లేదు. ఇంజను చెబుతోంది."

రెండుసార్లు ఆగిపోయి, ఒకసారి ఎగిరిపడి, కారు గుమ్మం దగ్గరి నుంచి కింది వాటాలో ఉండే దర్జీ కిటికీ దాకా వెళ్లింది. మూడో రోజున వెనక్కి గుమ్మం దాకా వచ్చింది. మళ్లీ కిటికీ. మళ్లీ గుమ్మం. దర్జీ మిషను ఆపి మరీ వచ్చి చూసేవాడు.

"పిన్నిగారూ, ఇవాళ ప్రయాణం ఎందాకా?"

"నీ కిటికీ దాకా. దారిలో తినడానికి కట్టుకున్నాను కూడా."

"క్షేమంగా వెళ్లండి. చేరగానే ఫోన్ చెయ్యండి."

ముందుకు వెళ్లడం వచ్చింది, వెనక్కి రావడం వచ్చింది. స్టీరింగు గుండ్రంగా ఎందుకుందో తెలుసుకునే అవసరం మాత్రం పిన్నిగారికి పడలేదు.

అప్పుడు స్తంభాలకు కాగితాలు అంటించారు. వీధికి కొత్త తారు వేస్తారట. సోమవారం ఉదయానికల్లా ఒక్క బండి కూడా ఉండకూడదు. ఉన్నవాటిని లారీ తీసుకుపోతుంది.

"నువ్వు నడపగలవా నాయనా?" పిన్నిగారు దర్జీని అడిగారు.

"నాకు కుట్టుమిషనే వచ్చు పిన్నిగారూ. అది గోడ దాటి పోదు."

మాస్టారు అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నారు. "పక్కన నేను కూర్చుంటాను. నా బ్రేకు నా దగ్గరుంది. నీకేం భయం?"

ఆవిడకున్న భయమే అది.

సోమవారం కారు ఎక్కేసరికి కొక్కెం లారీ వీధి చివర నుంచి పని మొదలుపెట్టింది. ఎర్ర కారు గాల్లోకి లేచింది. తర్వాత పాల వ్యాను. అద్దంలో లారీ పెద్దదవుతోంది. పిన్నిగారి అరచేతులు స్టీరింగు మీద జారుతున్నాయి.

"మలుపులో చేతులు కట్టేసుకోకు. తిప్పు. ఇంకా తిప్పు. ఇప్పుడు వదులు, దానంతటదే వస్తుంది."

వచ్చింది. వీధి తిరిగింది. పిన్నిగారు నవ్వబోయారు, భయమేసి మానేశారు.

పెద్దరోడ్డు మీద ఎడమవైపు అగ్నిమాపక కేంద్రం. గేటు ముందు రోడ్డంతా ఎర్రచారలు. అక్కడ బండి పెట్టడం కాదు, క్షణం ఆపడం కూడా నేరం. కారు సరిగ్గా ఆ చారల నడుమకి రాగానే కీచుమని ఆగిపోయింది. పిన్నిగారి నుదురు స్టీరింగుకు తగలబోయింది. తొక్కింది ఆవిడ కాదు.

"ఏమైందండీ?"

"అడ్డంగా మనిషి! చూసుకోవేం?"

"ఎవరూ లేరు."

"నల్లచొక్కా వేసుకుని... అదిగో, అటూ ఇటూ ఊగుతున్నాడు, తాగినట్టున్నాడు..."

పిన్నిగారు చూశారు. గేటు పక్క చెట్టు గాలికి ఊగుతోంది. దాని నీడ రోడ్డు మీద ఊగుతోంది.

వెనక హారన్లు మొదలయ్యాయి. గేటు దగ్గరి మనిషి ఈల వేస్తూ చెయ్యి ఊపుతున్నాడు. పిన్నిగారు మొదటి గేరు వేసి, క్లచ్ సగం వదిలి యాక్సిలరేటర్ తొక్కారు. ఇంజను గర్జించింది, కారు కదల్లేదు. ఆయన పాదం ఇంకా బ్రేకు మీదే ఉంది.

"కాలు తీయండి."

"వాణ్ణి పోనీ."

"పోవడానికి వాడు లేడు. అది చెట్టు నీడ. కాలు తీయండి!"

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడలేదు. అయినా పాదం మాత్రం లేవలేదు. అంతలో ఎవరో మాస్టారి వైపు కిటికీ అద్దం మీద తట్టారు. ఆయన అద్దం దించారు. సుద్దముక్క!

"ఇక్కడ ఆగకూడదని తెలీదా అండీ? ఫైరింజను బయటికొస్తే ఏం చేస్తారు? ఎందుకు ఆపారు?"

"ఇంజను ఆగిపోయిందమ్మా" అన్నారు పిన్నిగారు.

సుద్దముక్క ఒక్క క్షణం చెవి ఒగ్గింది. ఇంజను నిక్షేపంగా గురగురలాడుతోంది.

"వినబడుతూనే ఉంది." చీటీల పుస్తకం తీసింది. తీసిన చెయ్యి రాయకుండా ఆగింది. కారు లోపలికి వంగి ముందు ఆవిడ కాళ్ల వైపు, తర్వాత ఆయన కాళ్ల వైపు చూసింది. "రెండు చోట్లా బ్రేకులున్నాయి. చీటీలో డ్రైవరు పేరు ఒక్కటే పడుతుంది. ఎవరిది రాయను?"

మాస్టారి పేరే రాయమందామనుకున్నారు పిన్నిగారు. ఎంత జరిమానా అయినా కానీ, ఆయన డ్రైవరే అని ఒక సర్కారు కాగితం చెబుతుంది. నోరు తెరిచేలోపే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆవిడ పేరు రాయమ్మా."

"మరి ఆపింది..."

"ఆపింది నేను. నడిపేది ఆవిడ." ఆయన గొంతు సర్దుకున్నారు. "నీడకీ మనిషికీ నాకు తేడా తెలియలేదు."

పాదం పైకి లేచింది. గేరులో ఉన్న కారు ముందుకు ఉరికింది. పిన్నిగారు తన బ్రేకు తొక్కారు. సుద్దముక్క ఒక్క గెంతు గెంతి కాలిబాట ఎక్కింది.

"చీటీ తీసుకోకుండానే పోతారేమిటండీ!"

బ్యాంకులో తప్ప బయటికి రాని కార్డు ఆ రోజు చేతులు మారింది. సుద్దముక్క గబగబా రాసి చించి ఇచ్చింది. "ముందు ఇక్కణ్ణుంచి కదలండి. పక్కవీధిలో స్కూలు గోడ వెంబడి ఖాళీ ఉంది. మూడు రోజులే, గుర్తుందిగా" అంది.

కారు కదిలింది. మాస్టారు బూట్లు విప్పి, కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకున్నారు. ఆ సీట్లో ఆయన అలా కూర్చోవడం అదే మొదలు. కింద రెండో బ్రేకు ఖాళీగా ఉంది.

"డాక్టరు ఏమన్నాడు?" అన్నారు.

"ముందు మలుపు తిప్పనివ్వండి."

తిప్పాక చెప్పారు. వరండాలో విన్నది విన్నట్టు, ఏదీ తగ్గించకుండా చెప్పారు. మాస్టారు విన్నారు. స్కూలు గోడ మొదలైంది. పిల్లలు ఏదో ఎక్కం వల్లిస్తున్నారు.

"రెండో గేరు వెయ్యి" అన్నారు చివరికి. "ఇంజను ఏడుస్తోంది."

ఖాళీ కనిపించింది. పిన్నిగారు ముందుకు పోయి, వెనక్కి వచ్చి, ఎలాగో దూర్చారు. మాస్టారు బూట్లు తొడుక్కుని దిగారు. కారును తడుముకుంటూ ముందు చక్రం దాకా వెళ్లి, మడమ కాలిబాట అంచుకు ఆనించి పాదం చాపారు. కొస దేనికీ తగల్లేదు.

"మళ్లీ" అన్నారు.

"ఏమండీ, పొద్దున్నుంచీ పడ్డ పాట్లు చాలవా? కాస్త ఎడం ఉంటే కొంప మునిగిందా?"

"చట్టం నీకో రకం, నాకో రకం ఉండదు. మళ్లీ."

ఆవిడ గొణుక్కుంటూ ఎక్కారు. ఆయన కాలిబాట మీద ఒంటరిగా నిలబడి, తల కొంచెం వాల్చి వింటున్నారు. క్లచ్, గేరు, టైరు కింద నలిగిన గులకరాయి. కారు ఆగింది. మళ్లీ పాదం చాపారు. ఈసారి కొస రబ్బరుకు తగిలింది. ఆయన రెండుసార్లు తట్టి చూసుకున్నారు.

ఏళ్ల అలవాటు కొద్దీ తాళం కోసం చెయ్యి చాచారు. పిన్నిగారు ఆ చెయ్యి వైపు చూశారు. తాళం సంచిలో వేసుకుని, తన మోచెయ్యి అందించారు. ఆయన పట్టుకున్నారు.

"నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో రోడ్డెక్కిన మొదటిరోజే చలానా తెచ్చుకున్నది నువ్వొక్కదానివే."

"మాస్టారు గొప్పవారు మరి."

రోడ్డు అంచున ఆయన ఆగారు. "ఏమైనా వస్తోందా?"

పిన్నిగారు అటూ ఇటూ చూశారు. "ఆటో ఒకటి. పోనివ్వండి." అది పోయింది. "ఊఁ, ఇప్పుడు రండి."