తాకి చూసిన గాలి

కుట్టు దుకాణం అమ్మగా వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలో తేలక, ఆ వారమంతా మా ఇంట్లో దేవుడికి కూడా తీరిక లేకుండా పోయింది. చూపు మందగించి మా ఆవిడ దుకాణం అమ్మేసింది. ఆ డబ్బు ఆమె చేతులు ఓ జన్మంతా కుట్టి కూడబెట్టింది. పోతే మళ్లీ కుట్టడానికి కళ్లు లేవు.

షేర్ల సంగతి తెలిసిన మా బావమరిది ఫోనులో రెండు కంపెనీలు చూపించాడు. ఒకటి గాలిమరలతో కరెంటు తీసేది, రెండోది ఊరూరా హోటళ్లు నడిపేది.

"కరెంటు వద్దనే ఇల్లు, తిండి వద్దనే కడుపు ఉంటాయా బావా? కళ్లు మూసుకుని పెట్టెయ్యండి."

"కళ్లు మూసుకోవడం నాకు ఎలాగూ అలవాటైపోయిందిలే," అంది మా ఆవిడ. "కానీ తాకి చూడకుండా ఏ గుడ్డ తానూ కొన్నదాన్ని కాదురా. కంపెనీనీ తాకే చూస్తా."

"అదేమన్నా బట్టా అక్కా, తాకడానికి?"

మర్నాడు ముగ్గురం ఆ కంపెనీ హోటల్లోనే భోజనం చేశాం. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. బావమరిది ముఖం వెలిగిపోయింది. వడ్డించే అమ్మాయి వంగినప్పుడు మా ఆవిడ ఆమె యూనిఫాం చొక్కా చేతి అంచు పట్టుకుంది.

"నీకు ముందు ఈ చొక్కా ఎంతమంది వేసుకున్నారమ్మా?"

"ఏమో ఆంటీ, నేను మొన్నే చేరాను. ఎందుకలా అడిగారు?"

"ఒక్కొక్కరి కొలతకీ మడత విప్పారు, మడిచారు, మళ్లీ విప్పారు. సూది గుర్తులు వేలికి తగులుతున్నాయి."

బయటికి వచ్చాక అంది: "రుచికి వంక లేదు. కానీ మనుషులు నిలవని చోట డబ్బు నిలుస్తుందా?"

ఇప్పుడే ఉప్పు తిని వచ్చి వంక పెట్టొచ్చా అని నాకు మనసులో ఓ మూల పీకింది.

మధ్యాహ్నం కారులో గాలిమరల కొండ ఎక్కి, గడ్డిలో కూర్చున్నాం. తెల్లటి రెక్కలు ఆకాశాన్ని మెల్లగా చిలుకుతున్నాయి. వాటి నీడలు గడ్డి మీదుగా వచ్చి, మా ఒళ్లోంచి నడిచి, అటు వెళ్లిపోతున్నాయి. జపం మొదలుపెట్టి ఎక్కడున్నానో మరిచిపోయాను. కూర్చున్నచోటే కునుకు పట్టింది. కలలో ఆ రెక్కలు కుట్టుమిషను చక్రాలయ్యాయి. మా ఆవిడ ఆకాశానికి అంచు కుడుతోంది.

కాపలాదారు మాటలకు మెలకువ వచ్చింది.

"మీరనే కంపెనీ ఇది కాదండీ. వాళ్లవి అదిగో, అవతలి కొండ మీద."

అక్కడ సగం రెక్కలు కదలడం లేదు.

"అటు గాలి లేదా?" అన్నాను.

"గాలి అటూ ఇటూ ఒకటేనండీ. చెడితే బాగుచేసేవాళ్లను తీసేశారు."

బావమరిది తల గోక్కున్నాడు. "దారి తప్పానక్కా."

"తప్పితే తప్పావులే, మంచి కొండే ఎక్కించావు. ఈ కంపెనీ షేర్లు దొరుకుతాయా?"

ఫోనులో వెతికాడు. "దొరుకుతాయి. కానీ దీని ఊసు ఎవరూ ఎత్తట్లేదు. పెరగడం కూడా నత్తనడకే."

"నత్త కాలు జారి పడిందని ఎక్కడైనా విన్నావట్రా?"

మమ్మల్ని దారి తప్పించింది దేవుడా, మా బావమరిది పరధ్యానమా? దేవుడికి షేర్లతో ఏం పని అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

మా ఆవిడ గాలికి ఎదురుగా చెయ్యి చాచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గుడ్డ అంచు నలిపి చూసినట్టు, చాలాసేపు నలిపింది.

"సగం ఇందులో పెట్టరా."

"మరి మిగతా సగం?"

"ఇంకా తాకి చూడాలి," అంది, చెయ్యి దించకుండానే.