బంగారు కాలు, మామూలు భుజం

"తొడ కండరం పట్టేస్తే ఎనిమిది వారాల విశ్రాంతా! ఒళ్ళు బలుపు కాకపోతే ఏమిటి?" అన్నారు మా ఆయన, సోఫాలో కూర్చుని రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తి పట్టుకుని. కాళ్ళెందుకు ఎత్తారంటే, కింద నేను తడిగుడ్డతో తుడుస్తున్నాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఇల్లు తుడిచే పనిలో ఆయన వాటా అదే. ఆ వాటా మాత్రం ఏ రోజూ ఎగ్గొట్టలేదు, పాపం.

ఆయన తిట్టింది పరాయివాణ్ణి కాదు, సొంత తమ్ముణ్ణే. మా మరిది ఫుట్‌బాల్ ఆటగాడు. పత్రికలవాళ్ళు 'బంగారు కాలు' అంటారు, ఇంట్లో మేం చిన్నోడు అంటాం. బీమా ఆఫీసులో మా ఆయన ఏడాదంతా సంపాదించేది అతను ఒక్క వారంలో సంపాదిస్తాడు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అందుకే మిగతావన్నీ అంటారు. ఈసారి దెబ్బ తగిలినప్పుడు క్లబ్బువాళ్ళ విశ్రాంతి గృహం వద్దని, "వదిన చేతివంట తింటూ పడుంటాను" అని మా ఇంటికొచ్చాడు. ఆ మాటకి అందరూ మురిసిపోయారు. వదిన చెయ్యి ఎలా ఉందని ఎవరూ అడగలేదు.

సామాను దింపడానికే గంట పట్టింది. పద్నాలుగు జతల బూట్లు, అదీ నడవొద్దన్న మనిషికి. మొహానికి రాసుకునే క్రీములకి విడిగా ఒక పెట్టె. తొడుక్కుంటే గాలి నిండి కాళ్ళు పిసికే గొట్టాలు. తిండి తూచుకోవడానికి చిన్న తక్కెడ. పసుప్పచ్చ కారు మా సందులో తిరగలేక వీధి మొగలోనే నిలబడిపోయింది, లోపలికి పిలవలేదని అలిగిన చుట్టంలా. మామయ్య పేపరు అంచు మీదుగా అవన్నీ చూసి, "సోకులు" అని ఒక్క ముక్కలో తీర్పు చెప్పేశారు. రైల్లో గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎర్రజెండా, పచ్చజెండా తప్ప మధ్యలో ఇంకో రంగు ఆయనకి అక్కర్లేదు.

నేను మాత్రం తొందరపడలేదు. డిగ్రీలో తర్కశాస్త్రం నాకు ఒక పేపరు. ఎవరి మీదైనా నింద పడితే ముందు సాక్ష్యం చూడాలని అప్పుడు చెప్పారు. ఆ తర్వాత ఆ చదువు వాడుకునే సందర్భం రాలేదు, ఇప్పుడు వచ్చింది. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ మా మరిది కేసు విచారించడం మొదలుపెట్టాను.

నేరం వైపు సాక్ష్యాలకి లోటు లేదు. మంచం దిగకుండానే "వదినా, నీళ్ళు" అంటాడు. తుడుచుకున్న తువ్వాలు తుడుచుకున్న చోటే వదిలేస్తాడు. పాలు పొంగుతాయన్న సంగతి అతనికి వినికిడి మాత్రమే. అద్దం ముందు అతనికి పట్టే సమయంలో నేను రెండు కూరలు దింపేస్తాను. జుట్టు కత్తిరించే మనిషి శుక్రవారం శుక్రవారం ఇంటికే వస్తాడు, వచ్చినప్పుడల్లా కత్తిరించేది మాత్రం నాకెక్కడా కనిపించదు. మరో వైపు చూస్తే, తొమ్మిది కొట్టేసరికి దీపం ఆర్పి పడుకుంటాడు. నీళ్ళు కూడా కొలిచి తాగుతాడు. వాళ్ళమ్మ చేసిన తీపి దగ్గరికి తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసి, పళ్ళెం వెనక్కి తోసేశాడు. ముప్ఫై ఒక్కటో ఏట వాసనతో సరిపెట్టుకునేవాణ్ణి భోగి అనడానికి నాకు నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, "వదినా, ఇంకో నాలుగేళ్ళ తర్వాత నేనేం చేస్తానంటావ్?" అని అడిగాడు.

"ఏముంది, మీ అన్నయ్యలా సోఫాలో కూర్చుని ఆటగాళ్ళని తిడతావు" అన్నాను.

నవ్వాడు. కాస్సేపటికి ఆ నవ్వు ఆపి, తొడ మీద కట్టు వైపు చూసుకున్నాడు. పదమూడేళ్ళకే ఇల్లు వదిలి హాస్టల్లో చేరినవాడు. వాడికి వచ్చిన విద్య అదొక్కటే, అదీ వయసు మీద ఆధారపడ్డది. పాపం అనిపించింది.

అయితే విచారణలో నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకో విషయం. తువ్వాలు పడేసేవాళ్ళు మా ఇంట్లో ముగ్గురు. కూర్చున్న చోటి నుంచి నీళ్ళడిగేవాళ్ళు ముగ్గురు. పాలు పొంగుతాయని ఎరగనివాళ్ళూ ముగ్గురే. అందులో ఒక్కడికే సోకులరాయుడని పేరు. తక్కిన ఇద్దరికీ ఏ పేరూ లేదు. తేడా ఎక్కడుందా అని చాలా వెతికాను. చివరికి ఒకటే దొరికింది. గ్లాసు అందుకున్నాక చిన్నోడు "థాంక్స్ వదినా" అంటాడు. బహుశా ఆ థాంక్సే సోకు.

ఇక నా భుజం సంగతి. కుడి భుజం. ఎనిమిది నెలల కిందట తడి దుప్పటి పిండుతుంటే లోపల ఏదో తీగ తెగినట్టయింది. మర్నాటికి తగ్గుతుందనుకున్నాను. ఆ మర్నాడు ఇంకా రాలేదు. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. పైకి చెబుతామా, చెబితే "మందు రాసుకో" అంటారు, రాసుకున్నాక "తగ్గిందా?" అని అడగరు. అందుకని నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. ముందు ఉప్పు డబ్బా పై అరలోంచి కింది అరలోకి దింపాను. ఓ పదిరోజులకి చక్కెర దిగింది. తర్వాత పప్పులు, పెద్ద గిన్నెలు, పిండి డబ్బా. ఒక్కొక్కటీ మెట్లు దిగే ముసలమ్మలా దిగి, ఎనిమిది నెలల్లో వంటగది మొత్తం ఒక అంతస్తు కిందికి వచ్చేసింది. రోజుకి మూడుసార్లు ఆ గదిలోంచి వచ్చిన తిండి తింటున్నవాళ్ళెవరూ గమనించలేదు.

గమనించింది ఫిజియో. చిన్నోడి కాలికి వ్యాయామాలు చేయించడానికి క్లబ్బు తరఫున వారానికి మూడు రోజులు వస్తుంది. పాతికేళ్ళ పిల్ల, పొట్టిజుట్టు, మొహమాటం తెలియని వేళ్ళు. రెండో వారంలో ఐసు కోసం వంటింట్లోకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, పై అరలన్నీ ఖాళీగా ఉన్నాయేంటి?"

"కొత్త సామాను కొనాలి" అన్నాను.

ఆ అమ్మాయి ఆ మాట వినలేదు. నేల మీద బారులు తీరిన డబ్బాలని చూసింది, ఫ్రిజ్ తలుపు ఎడంచేత్తో తీస్తున్న నన్ను చూసింది. "కుడిచెయ్యి ఎత్తండి" అంది.

ఎత్తాను. ఎత్తాననుకున్నాను. ఆ చెయ్యి సగంలో ఆగిపోయి, పాఠం అప్పజెప్పలేని పిల్లలా నిలబడింది. ఆ అమ్మాయి నా భుజం మీద బొటనవేలు పెట్టి ఒక్క చోట నొక్కింది. నా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. నొప్పికే. కానీ అంతకన్నా, ఆ చోటు ఎక్కడుందో నాకు కాక ఇంకొకళ్ళకి తెలిసినందుకు.

ఆ పూట భోజనాల దగ్గర అందరి ముందూ ఒక కాగితం బల్ల మీద పెట్టింది. కుడి భుజం, ఎనిమిది నెలల నొప్పి. బరువులు ఎత్తకూడదు, పిండకూడదు, రుబ్బకూడదు, తుడవకూడదు. ఆరు వారాలు. కింద సంతకం.

మా ఆయన చదివి నవ్వారు. "ఇంటిపనికి ఫిజియోనా? ఇదేమన్నా ఫైనల్ మ్యాచా?"

"మా కాలంలో నొప్పులు లేవా అమ్మాయ్?" అన్నారు అత్తయ్య ఫిజియోతో. "వచ్చేవి, పోయేవి. పైకి అనేవాళ్ళం కాదు, అంతే. మా కోడలు కూడా బంగారం. ఎనిమిది నెలలుగా ఓర్చుకుందంటే చూడు, పక్కవాళ్ళకి తెలియనిచ్చిందా!"

నాకు నిజంగానే కాస్త గర్వంగా అనిపించింది, సిగ్గులేకుండా. కానీ చిన్నోడు ముద్ద పళ్ళెంలో వదిలేసి నా వైపు దొంగని చూసినట్టు చూశాడు.

"ఎనిమిది నెలలు దాచావా? మా దగ్గర అలా దాస్తే కోచ్ నెల్లాళ్ళు మైదానం గడప తొక్కనివ్వడు వదినా. నొప్పి దాచడమంటే జట్టుని మోసం చెయ్యడమే."

"ఆహా" అన్నారు మా ఆయన. "మీకేం నాయనా, దోమ కుడితే దిగిపోతారు."

"దిగాలి మరి అన్నయ్యా. లేకపోతే మొత్తం తెగుతుంది." అని, ఎవరినీ దెప్పాలన్న ఉద్దేశం ఏ కోశానా లేకుండా, జట్టు పట్టిక అడిగినంత మామూలుగా అడిగాడు. "సరే, వదిన దిగిపోయింది. బదులు ఎవరు దిగుతున్నారు?"

మామయ్య అప్పటికే చదివేసిన పేపరు మళ్ళీ తెరిచారు. మా ఆయన మంచినీళ్ళు తాగారు, గ్లాసులో నీళ్ళు లేకపోయినా. చిన్నోడు ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు, సమాధానం వస్తుందని నిజంగా నమ్మి.

అప్పుడు నా కేసు తేలిపోయింది. ఆటగాళ్ళని గారాబం చేసి చెడగొట్టారని లోకం అనడం నూటికి నూరుపాళ్ళు నిజం. బూట్లూ క్రీములూ కాదు, అవి పైపూత. అసలు గారాబం ఇదీ: ఒంట్లో నొప్పి పుడితే పని ఆగుతుందని, ఆగినచోట ఇంకో మనిషి సిద్ధంగా ఉంటాడని, దిగిపోతుంటే జనం లేచి చప్పట్లు కూడా కొడతారని అతను పుట్టు నమ్మకంగా నమ్ముతున్నాడు. బదులు మనిషి కూర్చునే బెంచి లేని ఆట కూడా ఉంటుందని ఈ పిల్లాడి ఊహకి అందడం లేదు. ఎంత సుఖంగా పెరిగాడు! నాకు కోపం రాలేదు. ఆశ పుట్టింది. అంత చెడిపోవాలని నాకూ అనిపించింది.

"మీరందరూ కూర్చుని తేల్చుకోండి" అని లేచి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళి పడుకున్నాను. ఎంగిలి పళ్ళేలు బల్ల మీదే ఉన్నాయి. వాటిని అలా వదిలి రావడానికి కావలసినంత బలం ఏ పిండి డబ్బా ఎత్తడానికీ నాకు అవసరం కాలేదు.

ఇల్లు కూలిపోతుందనుకున్నాను. కూలలేదు, కాస్త ఒరిగింది. మొదటివారం మా ఆయన నేల తుడిస్తే గదిలో చిన్న చెరువులు మిగిలేవి. మామయ్య గిన్నెలు కడగడానికి గార్డు పద్ధతిలో వేళలు రాసుకుని, రోజూ నలభై నిమిషాలు ఆలస్యంగా నడిచారు. కాలు కదపకూడదు కాబట్టి చిన్నోడు కూర్చుని కూరలు తరిగేవాడు, ముక్క ముక్కా తూచి. వంట అత్తయ్య మీద పడుతుందని నేను దిగులుపడ్డాను కానీ, ఆవిడ తాళింపు వాసన చూసి చెబుతుంటే మా ఆయనే గరిటె తిప్పడం నేర్చుకున్నారు. పదో రోజున ఆయన నా పక్కన కూర్చుని, రహస్యం చెబుతున్నట్టు, "ఈ తడిగుడ్డ పిండుతుంటే భుజం లాగుతోందోయ్" అన్నారు.

"పైకి అనకండి" అన్నాను. "ఒళ్ళు బలుపంటారు."

ఆయన మర్నాడు తుడవడానికి వచ్చి, సోఫాలో ఉన్న తండ్రితో, "కాళ్ళెత్తడం కాదు నాన్నా, లేచి అవతలికెళ్ళండి" అన్నారు. లోపల్నించి విని దిండులో మొహం దాచుకున్నాను.

ఆ ఆరు వారాల్లో నేనొక కొత్త సంగతి తెలుసుకున్నాను. మా పడకగదిలోకి మధ్యాహ్నం మూడింటికి ఎండ వస్తుంది. కిటికీ ఊచల నీడలు మంచం మీదుగా పాక్కుంటూ వెళ్ళి, నాలుగున్నరకి బీరువా ఎక్కుతాయి. పద్నాలుగేళ్ళుగా రోజూ వచ్చి, నేను లేనని చూసుకుని వెళ్ళిపోయేదన్నమాట. ఇప్పుడు ఇద్దరం కాళ్ళు చాపుకుని ఉండేవాళ్ళం. ఫిజియో చెప్పిన వ్యాయామాలు చేసేదాన్ని, గోడ మీద వేళ్ళతో రోజుకో అంగుళం పైకి పాకుతూ. మిగతా సమయం ఏమీ చేసేదాన్ని కాదు. ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక పనే. మొదట్లో చేతకాదు, సాధన చెయ్యాలి.

ఎనిమిదో వారం చివర ఫిజియో ఇద్దరినీ పరీక్షించింది. చిన్నోడికి అనుమతి దొరికింది. గంతులు వెయ్యబోయి ఆ అమ్మాయి చూపుకి ఆగి, పెట్టెలు సర్దుకోవడానికి వెళ్ళాడు. నన్ను గదిలోకి తీసుకెళ్ళింది. చెయ్యి ఎత్తమంది. చెవి పక్కనుంచి తిన్నగా పైకి లేచిపోయింది, మెత్తగా, నూనె వేసిన తలుపులా.

"పూర్తిగా తగ్గిపోయింది అక్కా. రేపట్నించి అన్నీ చేసుకోవచ్చు."

అవును, అన్నీ చేసుకోవచ్చు. ఆ మాటకి ఎందుకు సంతోషం రాలేదా అని చూసుకుంటుండగా, తలుపు కొద్దిగా తెరుచుకుని అత్తయ్య లోపలికి వచ్చారు. తలుపు దగ్గరగా వేసి, కొంగు కింది నుంచి కుడిచెయ్యి బయటికి తీసి ఫిజియో ముందు చాపారు. బొటనవేలు మొదట్లో ఎముక బొడిపెలా లేచి ఉంది. ఆ చేతిని కొంగు లేకుండా నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మా?" అంది ఆ అమ్మాయి.

అత్తయ్య గొంతు తగ్గించి, "పెద్దాడు కడుపులో ఉన్నప్పటి నుంచి" అన్నారు.

ఆ పెద్దాడికి నలభై మూడేళ్ళు. ఫిజియో వేలు పట్టుకుని మెల్లగా తిప్పింది. అత్తయ్య పెదవి కొరుక్కుని, నా వైపు చూసి, చిన్నపిల్లలా "అబ్బా" అన్నారు. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

"ఆరు వారాలు" అని ఫిజియో రాయడం మొదలుపెట్టింది.

అత్తయ్య కంగారుపడ్డారు. "మరి నా పని..." అని నా భుజం కేసి, నా మొహం కేసి మార్చి మార్చి చూశారు. ఆవిడ దిగితే మళ్ళీ ఎవరు ఎక్కాలో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

అంతలో తలుపు అవతల అడుగులు వచ్చి ఆగాయి. మా ఆయన. చేతిలో గరిటె ఉన్నట్టుంది, తలుపు మీద దాంతోనే తట్టారు.

"ఏమోయ్, ఏమంటోంది డాక్టరమ్మ? తగ్గిపోయినట్టేనా?"

నేను లేచి వెళ్ళి, కుడిచెయ్యి తిన్నగా తలపైకి చాచి, ఎనిమిది నెలలూ అందని పై గడియ చప్పుడు కాకుండా బిగించి, "ఇంకా లేదండీ" అన్నాను.