లేకపోతే కొత్తది చేసుకో

నాలుగు గంటలకల్లా ఆసుపత్రికి పంపాల్సిన నివేదికను మేనేజరు అప్పుడే రాసేశాడు. "సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు, నర్సు అజాగ్రత్త" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. కింద ప్రోగ్రామరు సంతకం ఒక్కటే తక్కువ.

ఆ ప్రోగ్రామరును ఆఫీసులో అందరూ సీమటపాకాయ అంటారు. ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తగ్గించుకునే ఉద్దేశం మాత్రం లేదు. కాగితం చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆసుపత్రిలో మన మిషను చూడకుండానే నర్సు మీదికి ఎలా నెట్టేశారు సార్?"

"మన సాఫ్ట్‌వేర్ నిన్న పొద్దుటి నుంచి ఒక్క క్షణం ఆగలేదు. ఇంకేం చూడాలి? ఆవిడ ఇవ్వకూడని మందు ఇచ్చింది. ఉద్యోగం పోతే పోతుంది, మనకెందుకు?"

ఆ నర్సు ఆమె సొంత అన్న భార్య అని మేనేజరుకు తెలియదు. ఆమె చెప్పనూ లేదు. చెబితే ఆ కోపం ఇంటి కోపమైపోతుంది. సంచీ భుజాన వేసుకుని, "చూశాకే సంతకం" అని బయటికి నడిచింది.

వదిన వార్డులో లేదు. విచారణ అయ్యేదాకా మెట్ల కింద సామాన్ల గదిలో కూర్చోబెట్టి దుప్పట్లు మడతపెట్టమన్నారు. పద్దెనిమిదేళ్ళు సూది పట్టిన చేతులు దుప్పటి అంచులు సరిచేస్తుంటే ఆడపడుచుకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు అడిగావా వదినా, లేదా?"

"అడక్కుండా ఎవరికైనా సూది వేశానా నేను? పెద్దాయన, దర్జీ. ఏ మందైనా పడదా అన్నాను. 'అంతా మీ కంప్యూటర్‌లోనే ఉందమ్మా, పోయినేడాదే రాయించాను' అన్నాడు. చూశాను. 'పడని మందులు: ఏవీ లేవు' అని ఉంది, అదీ పచ్చ అక్షరాల్లో. సూది వేసిన కాసేపటికే మొహం వాచిపోయి ఊపిరి అందలేదు. ఎలాగో బతికించుకున్నాం. ఇప్పుడేమో నేను కళ్ళు నెత్తిన పెట్టుకున్నానట."

"రాయించింది ఎక్కడికి పోతుంది? ఆ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని చేసిందెవరో గానీ చెవులు మెలేస్తాను!"

"నీ పక్క కుర్చీలోవాడే అయ్యుంటాడు. నీ అరుపులకి బెదిరి ఏదో చేసుంటాడు పాపం," అంది వదిన. ఆ స్థితిలోనూ ఎగతాళి మానలేదు.

సర్వర్ గది అంటే లిఫ్టు పక్కన చిన్న కొట్టు. మొన్న అందులో పాత మిషను తీసి కొత్తది పెట్టారు. అరగంటలో సంగతి తేలింది. రోగుల వివరాలున్న డేటాబేస్ పాత డిస్కులోనే భద్రంగా ఉంది, దాన్ని కొత్త మిషనులోకి ఎవరూ మార్చలేదు. నిన్న పొద్దున సాఫ్ట్‌వేర్ మొదలవుతూనే డేటాబేస్ కోసం వెతికింది, దొరకలేదు. దొరకలేదని నోరు విప్పి చెప్పలేదు. తనంతట తానే ఖాళీ డేటాబేస్ ఒకటి తయారుచేసుకుని, ఏమీ ఎరగనట్టు పనిలోకి దిగింది. పాత పేర్లు కనబడకపోతే, కొత్త మిషను కదా మళ్ళీ ఎక్కించాలేమో అనుకుని కౌంటరు అమ్మాయి వచ్చినవాళ్ళను వచ్చినట్టు కొత్త రోగులుగా ఎక్కించింది. దర్జీ మూడోవాడు. పడని మందుల గడిని ఆ అమ్మాయి ఖాళీగా వదిలేస్తే, సాఫ్ట్‌వేరే 'ఏవీ లేవు' అని నింపేసింది.

ప్రోగ్రాములో ఆ పాపిష్టి వరుస ఎవరు రాశారా అని పళ్ళు నూరుతూ వెతికింది. 'డేటాబేస్ లేకపోతే కొత్తది తయారుచెయ్యి.' పక్కనే రాసినవాళ్ళ పేరుంది. అది తన పేరే.

మూడేళ్ళ నాటి మాట. కొనేవాళ్ళ ముందు చూపిస్తుంటే డేటాబేస్ దొరక్క సాఫ్ట్‌వేర్ మొదలుకాలేదు, పరువు పోయింది. "ఏం చేస్తావో తెలీదు, ఇంకెప్పుడూ ఇలా మొండికెయ్యకూడదు" అన్నాడు మేనేజరు. పది నిమిషాల్లో ఈ వరుస రాసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆసుపత్రికి ఇచ్చేముందు దాన్ని తీసెయ్యాలన్న ఇంగితం ఎవరికీ లేకపోయింది, అందరికన్నా ముందు తనకు. పొద్దుటి నుంచి మోసుకు తిరుగుతున్న కోపాన్ని ఎక్కడ దించాలో ఆమెకు తెలియలేదు.

మేనేజరుకు ఫోన్ చేసి చెప్పింది. అతను గొంతు తగ్గించాడు. "నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదుగా. సంతకం పెట్టెయ్. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి మీ దగ్గరే ఉంచుకోండి!"

ఆ కేకకు లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు. ఆమె ఆ వరుస పీకేసి, పాత డేటాబేస్‌ను కొత్త మిషనులోకి ఎక్కించింది. తర్వాత అక్కడే నేలమీద కూర్చుని నివేదిక కొత్తగా రాసింది. జరిగింది ఏమిటో, ఆ వరుస ఎవరిదో దాచకుండా రాసి, నర్సు తప్పేమీ లేదని తన పేరుతో పెద్ద డాక్టరుకు పంపింది. అప్పటికి మూడున్నరయింది.

"నీ ఉద్యోగానికి ఢోకా లేదు వదినా. తప్పు నాది," అని సామాన్ల గదిలో మొదలుపెట్టి అంతా చెప్పింది. మెలెయ్యాల్సిన చెవులు నీవేనన్నమాట అని వదిన వెక్కిరిస్తుందనుకుంది. వెక్కిరించినా బాగుండేది.

"చేరిన మొదటి రోజే మాకొకటి నేర్పుతారు," అంది వదిన. "రోగి కాగితం కనబడకపోతే కనబడలేదని గట్టిగా అరవాలి. కొత్త కాగితం పెట్టి ఊరుకోకూడదు. పొద్దస్తమానం అరుస్తావు కదే, దానికి ఆ ఒక్క అరుపు నేర్పలేకపోయావా?"

వదిన దుప్పటి పక్కన పడేసి లేచింది.

"నాకు చెప్పావు, డాక్టరుకి చెప్పావు. ఆ దర్జీ పెద్దాయన ఏడో మంచం మీద ఉన్నాడు. పద, ఆయనకి చెప్పు."

సీమటపాకాయ ఆమె వెనకే వార్డులోకి నడిచింది. ఏడో మంచం మీద దర్జీ, వాపు ఇంకా తగ్గని కళ్ళు సగం తెరిచి, "ఎవరమ్మా?" అన్నాడు. ఆమె మంచం పక్కకు వంగి, "మీరు రాయించింది కనబడకుండా చేసింది నేనేనండీ," అంది.