తాడు ముక్క, రెండు కొమ్ములు

మొప్ప ఎత్తి చూడకుండా బుల్లమ్మ చేపనే కాదు, దేన్నీ నమ్మదు. కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టి, అదే పల్లెలో మెట్టి, శ్రీకాకుళం బజారుకి చేపల తట్ట మోసి మోసి ఊరందరి గుణాలూ వాసనతో పట్టేసే మనిషి ఆవిడ. ఆవిడ అనుమానం ఎంతటిదంటే, లైట్‌హౌస్ వెలుగు అన్ని ఇళ్ల మీదా తిరుగుతూ తన ఇంటి మీద మాత్రం రెప్పపాటు ఎక్కువ నిలుస్తోందని కనిపెట్టి, ఎందుకలా చూస్తున్నారో అడిగి రమ్మని మొగుణ్ణి పంపింది. మొగుడు రాముడు వెళ్లాడు కూడా. దారిలో ఎవరో ఇచ్చిన టీ తాగి తిరిగొచ్చి, "ఇకమీదట నీకేసి సూడరట" అన్నాడు. ఆవిడ అదీ నమ్మలేదు. వారం పాటు తలుపులు మూసుకుని సందులోంచి కాపు కాసింది.

ఆవిడకి ఒక్కడే కొడుకు, హరిబాబు. నరసన్నపేటలో ఎరువుల కొట్టులో గుమస్తా. పొద్దంతా బస్తాల మధ్య కూర్చునే ఈ పిల్లాడికి కొన్నాళ్ల కిందట ఒక పిచ్చి పట్టింది. సముద్రంలో ఈది, ఒడ్డుకొచ్చి ఒళ్లైనా తుడుచుకోకుండా సైకిలెక్కి, సైకిలు దిగి పరుగెత్తే పందెం. ట్రయథ్లాన్ అంటారు.

"ఎవలు తరుముతన్నార్రా నిన్ను?" అని అడిగింది బుల్లమ్మ.

"ఎవలూ తరమరమ్మా. మనమే ఎల్లాల."

ఎవరూ తరమకుండా అంతంత దూరాలు పరుగెత్తేవాణ్ణి ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు. ఇందులో ఏదో ఉందనుకుంది.

కిందటేడు విశాఖపట్నం పందెంలో హరిబాబు అందరికన్నా ముందు నీళ్లలోంచి లేచాడు. వాడు ఈదుతుంటే వంజరం చేపలు పక్కకి తప్పుకుని దారిచ్చాయని రాముడు ఇప్పటికీ చెబుతాడు. తీరా సైకిలెక్కాక ఎదురుగాలి తగిలింది. వాడు ఛాతీని తెరచాపలా అడ్డం పెట్టి తొక్కుతుంటే, ఒకడు నడుం వంచి, మోచేతులు దగ్గరగా పెట్టి, హ్యాండిలు ముందుకి పొడుచుకొచ్చిన రెండు కొమ్ములు పట్టుకుని, గాలికి కనబడకుండా దాని కిందనుంచి దూరిపోయినట్టు వీణ్ణి దాటేశాడు. వాడి పేరు రాబర్ట్. గరివిడిలో ఫిట్టరు పని. పందెం అయ్యాక ఇద్దరూ ఒకే కొబ్బరిబొండం దగ్గర కలిసి, "బావా" అంటే "బావా" అనుకునేదాకా వచ్చారు.

ఈ ఏటి పందెం దగ్గర పడింది. హరిబాబు సైకిలుకి కూడా అలాంటి కొమ్ములు ఎంచి బిగించి పెడతానని రాబర్ట్ ఓ సెలవు రోజు తన సైకిలేసుకుని వచ్చాడు.

"నిన్ను దాటినోడే, నువ్వు తనని దాటడానికి కొమ్ములు కడతానంటన్నాడేటి?" అంది బుల్లమ్మ వంటింట్లోంచి, అతనికి వినబడేలాగే.

"ఆడు నా బావమ్మా."

"ఈయేడు పందెంలో ఉన్నాడా నేదా?"

"ఉన్నాడు."

"మరి బావేటి!"

రాబర్ట్ నవ్వేశాడు. పొట్టి మనిషి, పళ్లన్నీ కనబడే నవ్వు. అన్ని పళ్లు చూపించేవాడు లోపల ఏం దాస్తున్నాడో అనుకుని ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చుంది.

రాబర్ట్ తన సైకిలుని గోడకి ఆనించి హరిబాబుని ఎక్కించాడు. మోచేతి కింద పెట్టుకునే మెత్తలు చూపించాడు. "మోసెయ్యి కొన మీద బరువెయ్యకు బావా, ఎముక నొప్పెడతాది. కొనకి ఇవతల, కండ మీద ఆన్చు. హ్యాండిలు మొత్తం మార్సక్కర్నేదు, ఉన్నదాని మీద బిగించే రకం సాలు. గొట్టాలు తిన్నగా ఉండేవి వొద్దు, నీ మణికట్టు విరిసినట్టయిపోతాది. కొస పైకి లేసినవి తీసుకుందాం. సెయ్యి దానికదే పడుకుంటాది."

"బ్రేకులెక్కడున్నాయి?" అంది బుల్లమ్మ.

"బ్రేకులు పాత హ్యాండిలు మీదే ఉంటాయత్తా."

"మరి సేతులు కొమ్ముల మీదుంటే?"

"బ్రేకు కావాలంటే సెయ్యి తీసి ఇక్కడికి తేవాల."

"తెచ్చేలోగా లారీ వొచ్చేస్తే?"

"లారీలున్న సోట కొమ్ములు పట్టకూడదత్తా. రోడ్డు ఖాళీగా ఉంటేనే."

"బ్రేకు నేని సోట సెయ్యి పెట్టమని నా కొడుక్కి సెప్తన్నాడు, ఇన్నావా?" అంది ఆవిడ మొగుడితో. రాముడు వల బాగుచేసుకుంటూ, "ఇన్నాను. తెప్పకి మాత్రం బ్రేకులున్నాయేటి?" అన్నాడు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. కొమ్ములు పార్సిల్లో గరివిడికే వస్తాయట. గొట్టాలు పొడుగ్గా వస్తాయి, మనిషి చేతికి తగ్గట్టు కోసుకోవాలట. కొలత టేపు మరిచిపోయానని నాలిక్కరుచుకుని, రాబర్ట్ రాముడి వల దారంలోంచి ఒక ముక్క తెంపాడు. హరిబాబు మోచేతి దగ్గర ఒక ముడి, మూసిన పిడికిలి దగ్గర ఒక ముడి వేశాడు. చుట్ట చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బుల్లమ్మ పీట ఇంకాస్త ముందుకి జరుపుకుంది.

ఆవిడ ఎరుకలో మనిషి ఒంటి కొలత దారం పరాయివాడి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే చిల్లంగి, అదే చేతబడి, పెడతారు. ఆవిడ చిన్నప్పుడు పక్క పేటలో ఒకడు జాకెట్టు కుట్టించడానికని పెళ్లాం కొలత దారం ఎవడికో ఇచ్చాడట. ఆ ఆడమనిషి వారం తిరక్కుండా ఎండు నెత్తళ్ల మాదిరి చిక్కిపోయి, గాలేస్తే చూరు పట్టుకు వేలాడిందని చెప్పుకునేవారు. ఇప్పుడు చూడబోతే ఈ పొట్టివాడు, పందెంలో ఎదుటివాడు, తన కొడుకు చేతినే కొలిచి ముడులేసి జేబులో పెట్టుకున్నాడు!

భోజనానికి కూర్చున్నప్పుడు రాబర్ట్ కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. బాప్టిస్టు ఇంటి పిల్లలు కంచం ముందు ప్రార్థన చేస్తారని ఆవిడకి తెలుసు. బజారులో ఆవిడ పక్కన రొయ్యలమ్మే అన్నమ్మ టీ నీళ్లకి కూడా చేస్తుంది. అయినా ఆ రోజు ఆ పెదాలు ఎక్కువసేపు కదిలినట్టనిపించింది. అంతసేపు గొణుగుతున్నవాడు కవళ్ల చేపల పులుసు మాత్రం మూడుసార్లు వేయించుకున్నాడు. అదీ అనుమానంగానే ఉంది.

తిన్నాక రాబర్ట్ చొక్కా విప్పి మేకుకి తగిలించి, ఎండ దిగేదాకా నడుం వాల్చాడు. బుల్లమ్మ పిల్లిలా వెళ్లి జేబులోంచి దారం తీసింది. పారేద్దామా అంటే వీడు మళ్లీ కొలుస్తాడు. వల దారంలోంచి అలాంటి ముక్కే ఇంకోటి తెంపింది. ఎవరి కొలత వెయ్యాలి? మొగుడిదా? అతను రేపు సముద్రం మీదకి వెళ్లేవాడు. రాబర్ట్‌దే వేద్దామంటే నిద్రలో చెయ్యి ముడుచుకుని పడుకున్నాడు. చివరికి తన మోచేతి దగ్గర ఒక ముడి, తన పిడికిలి దగ్గర ఒక ముడి వేసి, అదే చుట్ట చుట్టి, అదే జేబులో పెట్టేసింది. కొడుకు దారం పొయ్యిలో వేసింది.

వారం తర్వాత కొమ్ములొచ్చాయి. రాబర్ట్ నిగనిగలాడే నల్ల గొట్టాలు కోసి, అంచులు ఆకురాయితో రాకి నున్నగా చేసి తెచ్చాడు. హ్యాండిలు మీద బిగించాడు, మెత్తలు సర్దాడు, సీటు కాస్త ముందుకి జరిపాడు. హరిబాబు ఎక్కి కళింగపట్నం రోడ్డున బయల్దేరాడు. సరుగుడు తోట దాటాడో లేదో, మోచేతులు మెత్తల మీంచి వెనక్కి జారి, సైకిలు పాములా మెలికలు తిరిగి, మనిషీ సైకిలూ తోటలోకి దూరి సరుగుడాకు కప్పుకుని పడుకున్నారు. లేచి ఇంటికొచ్చేసరికి వాడి మోకాలు కన్నా మొహం ఎర్రగా ఉంది.

"గొట్టాలు పొట్టిగా కోసినావేటి బావా?"

"ఎందుకు కోస్తాను? తాడు పెట్టే కోసినాను." రాబర్ట్ జేబులోంచి దారం తీసి గొట్టం పక్కన పెట్టాడు. ముడికి ముడి సరిపోయింది. అదే దారం హరిబాబు చేతి పక్కన పెడితే పిడికిలి ఇంకా అవతలే ఉంది.

"వారంలో నీ సెయ్యి పెరిగిపోనాదేటి?"

"నా సెయ్యి పెరగనేదు. నీ బుద్ది తగ్గిపోనాది. పందెం ముందు నన్ను పడగొట్టాలని తాడు మార్సినావు. మాయమ్మ ముందే సెప్పింది."

రాబర్ట్ పళ్లు మూతపడ్డాయి. అన్నాళ్లలో అతని మూసిన నోరు బుల్లమ్మ చూడటం అదే మొదలు. సంచిలోంచి పానా తీసి తన సైకిలు దగ్గరికి వెళ్లాడు.

బుల్లమ్మ అనుకున్నదే జరిగింది. వీడు పోతాడు, మరి రాడు. కొడుకు బతుకుతాడు. గుండె తేలికపడాల్సింది పోయి, ఆవిడ చూపు కొడుకు దారం కాల్చిన పొయ్యికేసి పోయింది.

రాబర్ట్ వెళ్లిపోలేదు. తన సైకిలు మీది కొమ్ముల మరలు విప్పుతున్నాడు. అతని గొట్టాలు ఎప్పుడూ కోసినవి కావు. పట్టు దగ్గర టేపు చుట్టి, మిగతాది ముందుకి వదిలేసుకున్నాడు. వాటిని తెచ్చి హరిబాబు ముందు పెట్టాడు.

"ఇవి నీ సేతికి సరిపోతాయి. పెట్టుకో. నాను ఉత్త హ్యాండిలుతో తొక్కుతాను. గాలి నాకు కొత్త కాదు."

హరిబాబు తల దించుకున్నాడు గానీ వాటిని ముట్టుకోలేదు. "నాకొద్దు నీయి."

బుల్లమ్మ పీట మీంచి లేచింది. ముందు ఆ విప్పిన గొట్టాలు చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. లోపలికి కన్ను పెట్టి చూసింది. చేప పొట్ట నొక్కినట్టు మెత్తలు నొక్కింది. ఎక్కడా కుళ్లు దొరకలేదు. పందెంలో ఎదుటివాడు తన కొమ్ములు తనే విప్పి ఇస్తున్నాడు, దానికి అర్థం మాత్రం ఎంత వెతికినా ఒక్కటే కనబడుతోంది.

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగదోపి, హరిబాబు సైకిలు సీటు ముందు, నడిమి కడ్డీకి అటు కాలూ ఇటు కాలూ వేసి నిలబడి, నడుం వంచి, పొట్టి కొమ్ముల మెత్తల మీద తన మోచేతులు పెట్టింది. పిడికిళ్లు ముందుకి చాపింది. గొట్టాల కొసలు సరిగ్గా ఆవిడ పిడికిళ్లలోకి వచ్చి కూర్చున్నాయి. కొలిచి చేయించినట్టున్నాయి.

రాముడు వల కింద పడేశాడు. "ఓలమ్మో! పందెం నువ్వెల్తన్నావేటే?"

హరిబాబు తల్లి చేతికేసి చూశాడు, దారానికేసి చూశాడు. "అమ్మా, తాడు నువ్వు మార్సినావేటి?"

"నీ కొలత పరాయోడి జేబులోకి పోతే నానూరుకుంటానేట్రా? నాది పెట్టినాను. తగిల్తే నాకు తగలాల, నీకెందుకు తగలాల?" ఇంకా అదే వంకరలో ఉండి, గొట్టాల కొసలు వదలకుండా అందావిడ. తర్వాత రాబర్ట్‌కేసి తిరిగింది. "నువ్వేటనుకున్నా పర్నేదు నాయినా. నీ మీద సిల్లంగి అనుమానపడ్డాను."

"మా ఇంట్లో మాయమ్మ పొద్దస్తమానం నా మోకాళ్ల కోసం ప్రార్థన సేస్తాది గానీ, సిల్లంగి ఎక్కడిదత్తా?" అన్నాడు రాబర్ట్. ఒక్కొక్క పన్నే మళ్లీ బయటికొచ్చింది. "అయినా మీ అమ్మకి మంచి పొజిషనుందిరా బావా. వీపు సూడు, బల్లలాగున్నాది."

హరిబాబు రాబర్ట్ చేతిలోని పానా లాక్కున్నాడు. "పొట్టి గొట్టాలు పొట్టోడికే సరిపోతాయి, రా, బిగిస్తాను" అన్నాడు. వాడికి చేతనైన క్షమాపణ అదే. రాబర్ట్ గొట్టాలు వీడి సైకిలుకీ, వీడి గొట్టాలు రాబర్ట్ సైకిలుకీ ఎక్కాయి. రాబర్ట్ చేతికి కాస్త ఇరుకైనా, బిగింపులో కొంచెం ముందుకి జరిపితే సరిపోయింది. ఎండ పడమటికి తిరిగేసరికి ఇద్దరూ పక్కపక్కన నడుములు వంచి సరుగుడు తోట దాటి కనబడకుండా పోయారు. ఈసారి తోట ఎవర్నీ మింగలేదు.

వాళ్లు తిరిగొచ్చేసరికి బుల్లమ్మ గుమ్మంలోనే ఉంది. ముడులేసిన దారాన్ని తన మణికట్టుకే చుట్టేసుకుంది. రాబర్ట్‌కి మంచినీళ్ల చెంబు ఇచ్చింది, తాగేదాకా ఆగింది, చెంబు వెనక్కి పుచ్చుకుని అడిగింది.

"మరి నా కొలతకి కోసేసిన గొట్టం ముక్కలు మిగిలున్నాయి గదా నాయినా?"

"ఇంటి కాడ ఉన్నాయత్తా. ఎందుకు?"

"ఏటీ నేదు," అంది బుల్లమ్మ. "ఈసారి వొచ్చినప్పుడు అవి పట్టుకొచ్చీ."