కచ్చా కుట్టు

కొలతలు తీసేటప్పుడు "ఊపిరి పీల్చి ఆపండి" అనడం టైలరమ్మకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ రోజూ అలాగే అనేసి నాలుక కరుచుకుంది. ఎదురుగా నిలబడింది మనిషి కాదు మరి, వృద్ధుల ఆశ్రమం వాళ్ళు కొత్తగా తెప్పించిన మరమనిషి.

కానీ అది ఊపిరి పీల్చింది. టేపు కింద దాని ఛాతీ ఒక అంగుళం లేచి, ఆగింది.

టైలరమ్మ పాముని వదిలినట్టు టేపు వదిలేసింది.

"దీనికి ఊపిరెందుకండీ మేనేజరుగారూ?"

"అవసరం లేదనుకోండి. పక్కన కూర్చుంటే మనిషి కూర్చున్నట్టే ఉండాలని పెట్టారు. మీరూ నర్సులకి కుట్టినట్టే నీలం కోటు కుట్టండి. తేడా తెలియకూడదు."

తేడా తెలియకూడదు! ఆ మాట ఆమె చెవి చుట్టూ జోరీగలా తిరిగింది. పాలల్లో నీళ్ళు కలిపేవాడు కోరుకునేదీ అదే కదా.

ఆ ఆశ్రమంలో ఆమెకు పనొక్కటే కాదు, ప్రాణం కూడా ఉంది. పై అంతస్తులో కిటికీ పక్క మంచం మీద ఆమె తల్లి. తుంటి ఎముక విరిగి మూడు నెలలైంది. కళ్ళకి మసక తప్ప ఏమీ ఆనదు. టైలరమ్మకు సూది పట్టడం నేర్పింది ఆ తల్లే.

పైకి వెళ్ళేసరికి తల్లి ముఖం వెలిగిపోతోంది.

"కొత్తగా ఒక పిల్ల వస్తోందే. బంగారమనుకో. ఎంతసేపు చెప్పినా ఊఁ కొడుతుంది. నువ్వూ ఉన్నావు, రెండు మాటలకే గడియారం చూస్తావు."

"అది పిల్ల కాదమ్మా, మిషను."

"చాల్లే. మిషను ఊపిరి పీలుస్తుందా? మొన్న వంగి దుప్పటి సర్దుతుంటే నా చెంపకి తగిలింది. నీకు పుట్టుకతోనే అనుమానం జబ్బు. నా పాలు కూడా అనుమానపడుతూనే తాగావు."

అంతలో ఆ 'పిల్ల' రానే వచ్చింది. మంచం పక్కన ఒద్దికగా కూర్చుంది. టైలరమ్మ దాన్ని కిందికీ మీదికీ చూసింది.

"ఏమ్మా, మొన్న మా కుట్టుమిషను ఈనింది."

"ఊఁ."

"రెండు సూదులూ, ఒక కత్తెరా."

"ఊఁ. తర్వాత?"

"చూశావా, ఎంత మర్యాదో!" అని తల్లి మురిసిపోయింది.

కథ తలకెక్కుతోందా లేదా అన్నది 'ఊఁ'లో తెలియదు. వినేవాడు ఎక్కడ ఆపి 'ఆఁ?' అంటాడో అక్కడ తెలుస్తుంది. ఇది ఎక్కడా ఆపేలా లేదు.

"అమ్మా, దీనికి ఇంకా ఏమేం చెప్పావు?"

"అన్నీ చెప్పాను. నీ పెళ్ళి ముచ్చట, మీ నాన్న గురక, నా మడమ మంట..."

"మడమ మంటేంటి?"

"నాలుగు రోజుల్నుంచి మండిపోతోంది. చెప్పాను, ఊఁ అంది. ఇంకెవరికి చెప్పాలి?"

టైలరమ్మ దుప్పటి ఎత్తింది. మడమ మీద కోటు గుండీ అంత నల్లటి మచ్చ, చుట్టూ ఎర్రటి వాపు.

ఆమె పెట్టిన కేక విని నర్సు పరుగెత్తుకొచ్చింది. "అయ్యో పెద్దమ్మా! ఒత్తిడి పుండు ఇది. ఇంకో రెండు రోజులైతే ఎముక దాకా పోయేది. నన్ను పిలవొచ్చుగా?"

"చెప్పానుగా" అంది తల్లి, తప్పు చేసిన పిల్లలా.

వెనకాలే వచ్చిన మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "విన్నవన్నీ రాసుకుంటుందండీ. శనివారం శనివారం రిపోర్టు చూస్తాం."

"ఇవాళ బుధవారం" అంది నర్సు, తల ఎత్తకుండా.

"ఊఁ అనడానికి నోరు పెట్టినవాళ్ళు, పరిగెత్తుకెళ్ళి చెప్పే బుద్ధి పెట్టలేదా?" అంది టైలరమ్మ. మేనేజరు కంపెనీకి రాస్తానన్నాడు. కోటు మాత్రం ఎల్లుండికి కావాలన్నాడు.

కోటు ఎల్లుండికి వచ్చింది. కాలరు, గుండీలు అచ్చం నర్సుల కోటే. ఒక్క మణికట్టు చుట్టూ మాత్రం తెల్లటి కచ్చా కుట్టు పొడుగు పొడుగు దారాలతో అలాగే ఉంది. గుడ్డ జారకుండా ముందుగా వేసే కుట్టు అది. అసలు కుట్టు పడ్డాక పీకెయ్యాలి.

"ఈ దారాలు తీయలేదేంటి?" అన్నాడు మేనేజరు.

"చివరి ట్రయల్ అవలేదండీ."

"ఎప్పుడవుతుంది?"

"చెప్తాను."

పైన మరమనిషి ఆ కోటు తొడుక్కుని వంగింది, దుప్పటి సర్దింది. తల్లి ఆప్యాయంగా దాని చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మణికట్టు దగ్గర ఆగాయి. ఒక కుట్టు తడిమాయి, పక్క కుట్టు తడిమాయి.

"ఏమే, కచ్చా తీయలేదు."

"తీయలేదమ్మా."

"మర్చిపోయావా?"

"లేదు."

కచ్చా దారంతో బట్ట మనిషి ఒంటి మీద గడప దాటితే, దర్జీ పరువు గడప దాటినట్టే. కూతురికి తల్లి నేర్పిన మొదటి పాఠం అది. ముసలామె వేళ్ళు ఇంకోసారి మణికట్టు చుట్టూ తిరిగి వచ్చాయి.

"మనిషికైతే నువ్విలా పంపవు."

"పంపను."

తల్లి ఆ చెయ్యి వదిలేసింది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"మరి ఇన్నాళ్ళూ నేను ఎవరికి చెప్పుకున్నట్టే?"

మంచం పక్కనుంచి "ఊఁ" అని వినిపించింది.

ముసలామె తల గుమ్మం వైపు తిప్పింది. మూడు నెలల్లో ఎన్నడూ ఎత్తనంత గొంతు ఎత్తింది.

"నర్సమ్మా! మడమ మళ్ళీ మండుతోంది, ఒకసారి రా తల్లీ!"